సర్టిఫికెట్ తర్వాత మొదలైన చదువు

రాజమహేంద్రవరంలోని ఒక శిక్షణ సంస్థలో మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు ముగించి, గూగుల్ ఆన్‌లైన్ శిక్షణ వేదిక స్కిల్‌షాప్‌లో గూగుల్ ప్రకటనల (యాడ్స్) పరీక్ష కూడా ఉత్తీర్ణుడనై ఆత్రేయపురం తిరిగి వచ్చేసరికి, ఉద్యోగం నా కోసం ఎదురుచూస్తూ ఉంటుందన్న ధీమాతో ఉన్నాను. ఆ పరీక్ష ఎవరైనా ఉచితంగా రాయవచ్చునని, ఆ సర్టిఫికెట్ ఏడాదిపాటే చెల్లుతుందని కోర్సులో ఎవరూ నొక్కి చెప్పలేదు. ఫీజు కట్టించుకున్నప్పుడు ఇచ్చిన ఉద్యోగ హామీ కూడా ఆ తర్వాత వినపడలేదు.

లింక్‌డిన్‌లో అనుభవజ్ఞులకు "ఏదైనా అవకాశం ఉంటే చెప్పండి" అని పంపిన సందేశాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందులో వారి తప్పేమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ వాక్యానికి జవాబుగా రాయడానికి ఏముంటుంది? మా పిన్ని పూతరేకుల వ్యాపారానికి రోజుకు 200 రూపాయలు పెట్టి గూగుల్‌లో నేను నడుపుతున్న ప్రకటనకు క్లిక్కులు బాగానే వస్తున్నా, ఆర్డర్లు ఎందుకు రావడం లేదో తెలియడం లేదని, హైదరాబాదులో ఏళ్ల తరబడి ఏజెన్సీలో పనిచేసిన ఒక మేడమ్‌కు రాసినప్పుడు మాత్రం ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది.

ఆవిడ పాఠమేమీ చెప్పలేదు. నా ల్యాప్‌టాప్ తెరను తనకు కనిపించేలా పెట్టించి, జనం ఏమని వెతికినప్పుడు మన ప్రకటన కనిపించిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరవమన్నారు. ప్రకటనకు మనం ఎంచుకునే కీవర్డ్ వేరు, జనం నిజంగా టైపు చేసినది వేరు అని పుస్తకంలో చదివినా, నా డబ్బు ఖర్చయిన మాటలను కళ్లారా చూడడం అదే మొదటిసారి: "పూతరేకులు తయారీ విధానం", "ఇంట్లో పూతరేకులు ఎలా చేయాలి", "పూతరేకులు కేలరీలు". కీవర్డ్‌కు సంబంధమున్న వెతుకులాటలన్నిటికీ ప్రకటన చూపించే బ్రాడ్ మ్యాచ్‌లో వదిలేసినందువల్ల, కొనేవారికన్నా వండుకునేవారే ఎక్కువగా వచ్చి, మా డబ్బుతో పేజీ చూసి వెళ్లిపోతున్నారు. తయారీ, ఎలా, రెసిపీ వంటి మాటలను, అవి ఉన్న వెతుకులాటల్లో ప్రకటన కనిపించకుండా ఆపే నెగటివ్ కీవర్డ్‌లుగా చేర్చమన్నారు. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి వెతుకుతారు కాబట్టి, ప్రతి మాటనూ రెండు లిపుల్లోనూ పెట్టాలన్నది ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఏ కోర్సులోనూ లేదు: "ఫోన్ ఎవరు ఎత్తుతారు బాబూ?"

ప్రకటనలో ఇచ్చిన ఫోన్ నంబరు పిన్నిది. మర్నాడు వెళ్లి చూశాను. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచని బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఇలా పరచి అలా తీయగానే రేకు పైకి లేచింది. పక్కన ఫోన్ మోగుతూనే ఉంది. "చేతి నిండా పిండి పెట్టుకుని ఫోనెలా ఎత్తనురా?" అంది పిన్ని. మిస్‌డ్ కాల్స్‌లో చాలా వరకు పొద్దుటి పూటవే. అంటే క్లిక్కుకు డబ్బు కట్టి, వచ్చిన కొనుగోలుదారును మేమే వెనక్కి పంపుతున్నాం! మూడు నెలల కోర్సుకన్నా నాకు ఈ అరగంటే ఎక్కువ నేర్పింది. ప్రకటన మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది వరకే కనిపించేలా వేళలు మార్చి, వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో కేటలాగు పెట్టాం. 2023లో మా ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న మాటను ప్రకటనలోకి తెచ్చాం. ఆర్డర్లు ఒక్కసారిగా పోటెత్తలేదు గాని, వారంలో రెండు మూడు పార్సిళ్లు వెళ్లేచోట రోజుకొకటి వెళ్లసాగింది.

మేడమ్ పరిచయం చేసిన మరొక సీనియర్, ఉద్యోగులను ఎంపిక చేసే వ్యక్తి, నా రెజ్యూమేలోని పదకొండు టూల్స్ పేర్లు కొట్టేయించారు. వాటి బదులు పిన్ని ఖాతాలో ఎంత ఖర్చు పెట్టానో, ఏది ఎందుకు మార్చానో, తర్వాత ఏమైందో, పొరపాట్లతో సహా రెండు పేజీల్లో రాయించారు. పొరపాట్లు రాయడానికి మొదట మనసొప్పలేదు. తీరా ఇంటర్వ్యూలో వారు ఎక్కువసేపు అడిగింది ఆ మిస్‌డ్ కాల్స్ సంగతే.

ఇప్పుడు ఒక చిన్న ఏజెన్సీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నాకు అప్పగించిన మొదటి ఖాతా కడియపులంకలోని ఒక నర్సరీది. ల్యాప్‌టాప్ తెరవకముందే యజమానిని, "మీకు కావలసింది ఒక్క మొక్క కొనేవాళ్లా అండీ, లారీ లోడు ఎత్తేవాళ్లా?" అని అడిగాను. ఆయన నవ్వి, "ముందు లోడింగు చూద్దురుగాని రండి" అంటూ నన్ను వెనకాలకు తీసుకువెళ్లారు.