బుల్లెట్ కొరికిన టెన్త్ బి

టెన్త్ బి జ్ఞాపకాలు రాయమని కమిటీ వాళ్లు గ్రూపులో మెసేజ్ పెట్టింది చాలక మన గళ్ళచొక్కా ఫోన్ చేసి మరీ బెదిరించాడు కాబట్టి రాస్తున్నా. రేకుల షెడ్డు, గోడ దూకిన రోజు, ఆ ఉప్మా, ఇవన్నీ ఎలాగూ మీరంతా రాస్తారు. నాకు గట్టిగా గుర్తున్నది ఇంగ్లీషు మాస్టారి ఒక్క పీరియడే, ఎనిమిదీ తొమ్మిదీ తరగతులు ఎటుపోయాయో కూడా తెలీదు.

బోర్డు మీద ‘బైట్ ద బుల్లెట్’ అని రాసి అర్థం అడిగితే వెనక బెంచీలోంచి ఒకడు “మీ బండి కొరకడం సార్” అన్నాడు, ఎవడో మీకు తెలుసు, ఇప్పుడు పెద్ద లీడరు కదా పేరెందుకులే. మాస్టారు కొట్టలేదు. తప్పించుకోలేని బాధని పళ్ళు బిగించి కానివ్వడంరా అని చెప్పి కథలోకి దిగిపోయారు. 1796లో లండన్‌లో అచ్చయిన గ్రోజ్ అనే ఆయన యాస మాటల నిఘంటువులో ‘నైటింగేల్’ (పాడే పిట్ట) అంటే కొరడా దెబ్బలకి కేకలేసే సిపాయి అని ఉందట. కొన్ని రెజిమెంట్లలో గ్రెనడీర్లకి, అంటే ఏరికోరి తీసుకున్న సిపాయిలకి, అరవడం పరువు తక్కువ, అందుకే వీపు మీద తొమ్మిది తోకల కొరడా పడుతుంటే బుల్లెట్ నములుతూ నిలబడేవాళ్ళట, సీసం కదా, పన్ను దిగుతుంది. ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ 1891 నవల్లోకి వచ్చేసరికి కొరడా పోయి, భయం బయటపడనివ్వకు అన్న అర్థమే మిగిలిందన్నారు.

ఇంతలో సోషల్ సారు వచ్చి కాదండీ ఇది 1857 సిపాయిల తిరుగుబాటు, ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా అనడం, ఎన్‌ఫీల్డ్ అనగానే వెనక బెంచీ మళ్ళీ ఘొల్లుమనడం. సిపాయిలు కొరికింది తూటా మీది కాగితాన్నండీ, గుండుని కాదు, గ్రోజ్ అరవయ్యేళ్ళ ముందోడు అని మాస్టారు. బెల్లు కొట్టినా వరండాలో ఆగలేదు ఆ గొడవ.

నేను మత్తు డాక్టర్నయ్యాక ప్రతి కాన్ఫరెన్సులో ఎవరో ఒకరు స్లైడ్ వేస్తారు, పూర్వం రోగి నోట్లో బుల్లెట్ పెట్టి కోసేవాళ్ళని. 1846లో బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథర్ మత్తు ఇచ్చి చూపించకముందు ఆ నరకం నిజమే, కానీ వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో గుండు పెడితే గొంతులోకి జారదూ? తోలుముక్క నయం. నేను లేచి గ్రోజ్ పేరెత్తితే హాలంతా తిరిగి చూస్తుంది, అదో తృప్తి.

మాస్టారి మోకాలి ఆపరేషన్‌కి స్పైనల్, అదే వెన్నులోకిచ్చే మత్తు, నేనే ఇచ్చా. “ఏరా, బుల్లెట్ తెచ్చావా?” అన్నారు. నడుం కిందికి స్పర్శ లేదు గానీ నోటికేం, టేబుల్ మీద నుంచే సర్జన్‌కి నైటింగేల్ పాఠం మొత్తం చెప్పేశారు, సర్జన్ పొరపాటున 1857 అనేసరికి మళ్ళీ మొదటినుంచీ.