వేలంలో కొన్న ఇల్లు చేతికి వచ్చేదాకా: నా అనుభవం

బ్యాంకు వేలంలో నేను పాడిన ఇంటికి సేల్ నోటీసులోనే 'సింబాలిక్ పొజిషన్' అని ఉంది. అంటే బ్యాంకు తలుపుకి నోటీసు అంటించి, పేపర్లో ప్రకటన ఇచ్చింది, అంతవరకే. లోపల మనుషులు ఉన్నారు. అది తెలిసే పాడాను.

పాట ఖాయమైన మర్నాటికల్లా 25 శాతం, బ్యాంకు అమ్మకాన్ని ఖరారు చేశాక 15 రోజుల్లో మిగతా సొమ్ము కట్టాలి. కట్టాను, సేల్ సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇంట్లో మాత్రం పాత యజమాని కుటుంబమే ఉంది.

కరెంటు తీయించు, నలుగురిని తీసుకెళ్లి సామాను బయట పెట్టించు అని చెప్పినవాళ్లు చాలామంది. అలా చేస్తే కేసు మన మీదే పడుతుంది. పైగా ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, పదో తరగతి చదివే పాప ఉన్నారు. అప్పు తీర్చలేకపోయారని మనుషుల్ని వీధిలోకి ఈడ్చే హక్కు ఎవరికీ లేదు.

ఖాళీ చేయించి ఇవ్వాల్సింది బ్యాంకు. బాకీపడ్డవాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలు కల్పించే సర్ఫేసీ చట్టం, 2002 సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేటుకి గానీ చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటుకి గానీ అర్జీ పెట్టాల్సింది కూడా బ్యాంకే. కానీ బ్రాంచిలో "అమ్మేశాం కదండీ, ఇక మాకేం సంబంధం" అన్నారు. అమ్మకం తర్వాత కూడా బ్యాంకు ఆ అర్జీ పెట్టొచ్చని ఐటీసీ, బ్లూ కోస్ట్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మా లాయరు ఆ తీర్పు కాపీ జతచేసి ఉత్తరం రాశాకే ఫైలు కదిలింది. నోటిమాటగా ఎంత తిరిగినా పని జరగదు, ప్రతిదీ రాసిచ్చి రసీదు తీసుకోవాల్సిందే.

చట్టం ప్రకారం 30 రోజుల్లో ఆర్డరు రావాలి, కారణాలు రాసి మొత్తం 60 రోజుల దాకా పొడిగించవచ్చు. మాకు ఆ గడువూ దాటింది. టెన్షన్ పడ్డాను గానీ, గడువు దాటినంత మాత్రాన మేజిస్ట్రేటు అధికారం పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిందట. ఈలోగా పాత యజమాని వాళ్లు స్టే కోసం డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లారు. కొనుగోలుదారుగా నన్నూ పార్టీగా చేర్చమని పిటిషన్ వేయించాను. లేకపోతే డబ్బు పూర్తిగా కట్టిన మనిషి ఒకడున్నాడని అక్కడ చెప్పేవాళ్లే ఉండరు. స్టే రాలేదు.

అప్పుడు పాత యజమానే బ్యాంకు ఆఫీసరు ముందు కూర్చుని నన్ను అడిగారు. "సార్, మా పాప పరీక్షలు అయ్యేదాకా ఆగండి, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఉండం." ఖాళీ చేసే తేదీ వేసి కాగితం మీద రాయించుకుని ఒప్పుకున్నాను. ఇల్లు మారే లారీ ఖర్చు కూడా నేనే ఇచ్చాను. ఇప్పటికీ అది సరైన పనే అంటాను.

ఆ తేదీన అడ్వకేట్ కమిషనరు (ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి మేజిస్ట్రేటు నియమించిన లాయరు), బ్యాంకు ఆఫీసరు, ఒక కానిస్టేబులు వచ్చారు. ఇల్లు దాదాపు ఖాళీ. అయినా కమిషనరుగారు స్టూలు వేయించి అటక మీద కూడా చూశారు. రెండు ఇత్తడి బిందెలు, ఒక పాత కుట్టు మిషను దొరికితే పంచనామాలో రాయించి, పాత యజమాని చేత సంతకం పెట్టించి ఆయనకే అప్పగించారు. తర్వాత తాళాలు బ్యాంకు చేతికి, బ్యాంకు నుంచి నాకు వచ్చాయి. పొజిషన్ లెటరుతో పాటు పంచనామా కాపీ కూడా అడిగి తీసుకున్నాను.

పాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను బకాయిలు నా మీదే పడ్డాయి. వేలం షరతుల్లో 'ఉన్నది ఉన్నట్టుగా' అని ముందే ఉంది. అవి కట్టాకే మీటరు నా పేరు మీదికి మారింది.