దుఃఖంలో కూడా ముట్టని భాగం

జీతం మొత్తం మీద తీయాలా, పీఎఫ్, టాక్స్ పోగా చేతికొచ్చిన దాని మీద తీయాలా? మన హైదరాబాద్ సంఘాల్లో దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు దేవునికివ్వడం, గురించి వాక్యం చెప్పిన ఆదివారం, ఆరాధన అయ్యాక పార్కింగ్ దగ్గర వినబడే ప్రశ్న ఇదే. ఫ్లాట్ లోన్‌కి వెళ్లినప్పుడు మాత్రం ఇదే అన్నలు కటింగ్స్ పోకముందు జీతం ఎంతో పైసలతో సహా చెబుతారు.

ఇంకొందరు "మనం ధర్మశాస్త్రం కింద లేం బ్రదర్, కృప కింద ఉన్నాం" అంటారు. సరే, వాదించను. కృప కింద ఉన్నాను కాబట్టి పదిహేను శాతం ఇస్తున్నానన్నవాళ్లు మాత్రం నాకింకా తారసపడలేదు.

బైబిల్లో మలాకీ 3:10 అందరికీ కంఠతా వచ్చు: పదియవ భాగం తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పి దీవిస్తానంటాడు దేవుడు. ఆ వాకిళ్ల మీదే ప్రసంగాలన్నీ. ద్వితీయోపదేశకాండము 26 దగ్గర ఆగేవాళ్లు తక్కువ. మూడో ఏట పదియవ భాగం ఆలయ సేవ చేసే లేవీయునికి, పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి ఇచ్చేశాక, ఆ మనిషి ప్రభువు ఎదుట నోరు తెరిచి ఒప్పజెప్పాలి: ప్రతిష్ఠితమైనది నా ఇంట్లోంచి తీసేశాను, నీ ఆజ్ఞ మరచిపోలేదు, నేను దుఃఖంలో ఉన్నప్పుడు అందులోది తినలేదు.

ఆ చివరి మాటను పండితులు చావు మైలతో ముడిపెట్టి వివరిస్తారు. కాదనను. కానీ చదివిన ప్రతిసారీ నాకు ఆ రైతు ఇల్లు కనబడుతుంది. పంట వచ్చింది, దేవుని భాగం పక్కన తీశాడు. అది ఇంట్లోనే, చేతికందే దూరంలోనే ఉంది. ఇంతలో చావు. బంధువులు దిగారు, గింజలు చాల్లేదు. అప్పుడు అతని చెయ్యి ఎటు పోతుందో దేవునికి తెలుసు.

మన అవస్థ కూడా అదే. ఇవ్వకూడదని ఎవరూ అనుకోరు. ఒకటో తారీఖున అందరం మంచివాళ్లమే. ఐదున ఈఎంఐ, జూన్‌లో స్కూలు ఫీజు, మధ్యలో హాస్పిటల్ బిల్లు. టెన్షన్‌లో ముందు గుర్తొచ్చేది అడిగేవాడు లేని డబ్బు. బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తారు, ప్రభువు చేయడు. "వచ్చే నెల కలిపి ఇద్దాంలే" అంటాం. రెండు నెలలది కలిపాక ఆ మొత్తం చూస్తే చెయ్యి అసలే రాదు.

మా అమ్మకి చదువు రాదు. బియ్యం కొలిచాక, కడగకముందే, ఒక గుప్పెడు తీసి డాల్డా డబ్బాలో వేసేది. ఆదివారం అవి చర్చికి పోయేవి. ముషీరాబాద్‌లో మా అద్దె ఇంటికి ఒక రాత్రి ఊరి నుంచి చుట్టాలు చెప్పకుండా దిగారు. బియ్యం తక్కువైతే గ్లాసు పట్టుకుని పక్కింటి వదిన దగ్గరికి వెళ్లింది గానీ, ఆ డబ్బా మూత తీయలేదు. "ఇంట్లోనే ఉన్నాయి కదమ్మా" అంటే, "అవి మనవి కావురా" అంది.

ఇవ్వనివాళ్లను తిట్టి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. "కానుకలు ఎటు పోతున్నాయో" అనే సణుగుడు అన్నిసార్లూ సాకు కాదు. నెహెమ్యా 13 చూడండి. రావలసిన పాళ్లు రాక లేవీయులు, గాయకులు సేవ వదిలి పొలాలకు వెళ్లిపోయారు. యూదా దేశానికి అధిపతిగా ఉన్న నెహెమ్యా ముందు నిలదీసింది అధికారుల్ని. తర్వాత జనం ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఆలయపు కొట్లకు తెచ్చారు. ఆ కొట్ల మీద షెలెమ్యా, సాదోకు, పెదాయాలను, వాళ్లకు తోడుగా హానానును పెట్టాడు. అందరూ నమ్మకస్థులని పేరున్నవాళ్లు. గోల్కొండ చౌరస్తాలో సువార్తికుడు బక్త్ సింగ్ గారి హెబ్రోను మందిరం ఉన్న ఊరు మనది. 2000లో కన్నుమూసిన బక్త్ సింగ్ గారు డబ్బు కోసం మనుషులకు విజ్ఞప్తులు చేయకుండానే సేవ నడిపారు. అదే ఊళ్లో ఇప్పుడు "విత్తన కానుక వేయండి, నూరంతలు కోయండి" అని మైకులో బేరం పెడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అన్నలారా, అక్కలారా, జీతం మెసేజ్ వచ్చిన రోజే, ఈఎంఐ కట్ కాకముందే తీసేయండి. తీసి ఇంట్లో పెట్టుకోకండి, ఆ ఆదివారమే ఇచ్చేయండి. అప్పుల్లో ఉన్న తమ్ముళ్లు ఎవరి మాటలకో బెదిరి ఇంకో అప్పు చేసి ఇవ్వొద్దు. హృదయంలో నిశ్చయించుకున్నంత ఇమ్మన్నాడు పౌలు, ఆ కొంచెంతోనే మొదలుపెట్టండి. సంఘ పెద్దలారా, నెల నెలా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి. విధవరాళ్లకు, తండ్రిలేని పిల్లలకు ఎంత వెళ్లిందో ఆ వరుస అన్నిటికన్నా పైన రాయండి. కరెంటు బిల్లు, మైక్ సెట్టు తర్వాత.