సోమవారం బోకులు

"చిక్-ఫిలే వాళ్ళు కూడా ఆదివారం మూసేస్తారు. నువ్వు లాప్‌టాప్ మూయవు."

మా పెద్దది ఈ మాట అన్నది డల్లాస్‌లో, మొన్న ఏప్రిల్‌లో. దానికి పదేళ్ళు. చర్చి నుంచి వస్తుంటే ఆ చికెన్ శాండ్‌విచ్ మీద మనసు పోయింది దానికి. ఆదివారం వాళ్ళు తెరవరని గుర్తు చేశాను. అంతటితో ఆగొచ్చు గదా. ఆ కంపెనీ పెట్టిన ట్రూయెట్ క్యాథీ 1946లో తన మొదటి హోటల్ తెరిచిన నాటి నుంచీ అదే పట్టు అని, దేవుడి రోజని నమ్మినవాడు వ్యాపారం కూడా వదులుకుంటాడని, దారి పొడుగునా విశ్రాంతి దినాన్ని పాటించమనే నాలుగో ఆజ్ఞ మీద ప్రసంగం దంచాను. ఇల్లు చేరి, అన్నాలు తిని, రెండింటికల్లా లాప్‌టాప్ తెరిచాను.

కోపం వచ్చింది. "అమ్మతో మాట్లాడే పద్ధతేనా ఇది?" అని కసిరాను. నాలుగో ఆజ్ఞలో దొరికిపోయి, తల్లిదండ్రుల్ని గౌరవించమనే ఐదో ఆజ్ఞ వెనక దాక్కున్నానన్నమాట.

మూడో ఆజ్ఞ సంగతి ఇంకా అన్యాయం. దేవుని నామాన్ని వ్యర్థంగా పలకకూడదు కాబట్టి ఇంట్లో ఎవరు "ఓ మై గాడ్" అన్నా పావు డాలరు వేయాలని ఒక హార్లిక్స్ సీసా పెట్టాను. (మా సండే స్కూల్ లెక్కలో అది మూడోది. పక్కింటి క్యాథలిక్ పిల్ల లెక్కలో రెండోది. ఆ నంబరు మీద మా పెద్దదీ ఆ పిల్లా పోట్లాడుకుని రెండు రోజులు మాట్లాడుకోలేదు.) రెండు నెలలకు లెక్క చూస్తే సీసాలో సగానికి పైగా నా డబ్బులే. అన్నీ కారు నడుపుతూ పోగేసినవి. పిల్లలు "గాష్" అనడం నేర్చుకున్నారు. నేను తెలుగులోకి మారాను, తెలుగు తిట్లకు సీసాలో రేటు పెట్టలేదు గదా. ఇప్పుడు అందులో గోధుమ రవ్వ పోసుకుంటున్నాం.

ఈ సరంజామా అంతా మోసుకుని జూన్‌లో చిత్తూరు వచ్చాం. ఆదివారం అంటే ఏమిటో పిల్లలకు ఇక్కడైనా చూపించాలని నా ఆశ. నా చిన్నప్పుడు ఈ ఇంట్లో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలయ్యేది. నాయన అందరి చెప్పులూ తుడిచి వరసగా పెట్టేవాడు. అవ్వ ఊరిబిండి ముందురోజే నూరి పెట్టేసేది, ఆదివారం రోలు ముట్టకూడదని. అంగడికి పోకూడదు. కానుక తప్ప దమ్మిడీ ఖర్చు పెట్టకూడదు. ఆ కానుక కూడా చేతిగుడ్డ కొసకు ముడేసి ఇచ్చేవాళ్ళు, దారిలో పారేసుకుంటామని. మధ్యాహ్నం పడుకోవాల్సిందే. నిద్ర రాకపోతే కళ్ళు మూసుకునైనా ఉండాల్సిందే. పైన దూలాలు లెక్కపెడుతూ పడుకున్న ఆ మధ్యాహ్నాలంటే నాకు చచ్చేంత విసుగు. ఇప్పుడు వాటినే ఆస్తి పంచినట్టు పిల్లలకు పంచుదామని వచ్చాను.

తమాషా ఏమంటే, ఈ పట్టింపు మాకు వచ్చిందే అమెరికా నుంచి. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ అక్కడి రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళది. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు దిక్కంతా వాళ్ళే తిరిగారు. మా తాత వాళ్ళు ఆ మిషన్ బడిలో చదువుతో పాటు ఆదివారాన్నీ పట్టుకున్నారు. మనవరాలు ఆ దొరల దేశానికే పోయి దాన్ని పోగొట్టుకుని, వెతుక్కుంటూ మళ్ళీ చిత్తూరు బస్సెక్కింది.

మొదటి ఆదివారమే పరువు పోయింది. డల్లాస్‌లో శనివారం రాత్రి పదిన్నర అంటే ఇక్కడ ఆదివారం ఉదయం తొమ్మిది. అక్కడ మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వేళ, ఇక్కడ ఆరాధన వేళ. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో ఉండగా నా బ్యాగులో ఫోను కొట్టుకోవడం మొదలుపెట్టింది. లేచి బయట వేపచెట్టు కిందికి పోయి పదకొండు నిమిషాలు మాట్లాడి వచ్చాను. పిల్ల ఏమీ అనలేదు. పాటల పుస్తకంలో నాకోసం పేజీ తీసి, వేలు అడ్డం పెట్టుకుని కూర్చునుంది. ఏదైనా అనుంటే బాగుండేది.

ఇక మాట మర్యాద. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ, వీళ్ళకు తేడా తెలియదు. పెద్దవాళ్ళు కనిపిస్తే "వందనాలండీ" అనాలని, అయ్యగారిని, అమ్మగారిని, చుట్టాల్లో పెద్దవాళ్ళని "మీరు" అనాలని రోజూ పాఠం పెట్టాను. పెద్దది బుద్ధిగా నేర్చుకుంది. నాలుగో రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక అడిగింది: "అవ్వ అయ్యగారిని మీరు అంటుంది. దేవుణ్ణి మాత్రం నువ్వు అంటుంది. దేవుడు అయ్యగారి కంటే చిన్నోడా?"

మా అమ్మ నవ్వి, "దేవుడు మనోడు గదమ్మా. మనోళ్ళని ఎక్కడైనా మీరు అంటామా?" అంది.

నేనింత చక్కగా చెప్పలేను. అక్కడికి అయిపోయిందనుకున్నాను. పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే బోకులు తోమే ఆంటీ కూడా మనోళ్ళేనా? నువ్వు ఆమెని నువ్వు అంటావు" అంది.

ఆమె నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పదిహేనేళ్ళుగా ఈ ఇంటికి వస్తోంది. నన్ను "మీరు" అంటుంది. నేను "నువ్వు" అంటాను, అమ్మ "ఏమే" అంటుంది. అది మర్యాద తక్కువని మేమెవరం ఎప్పుడూ అనుకోలేదు. అసలు దాని గురించి ఏమీ అనుకోలేదు. అమ్మ లేచి లైటు తీసేసింది.

రెండో ఆదివారం ఇంటినిండా చుట్టాలు. బిర్యానీ, చియ్యల కూర. విశ్రాంతి దినం అని చెప్పి పిల్లల టాబ్లెట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. తిన్నాక అందరం చాపలు పరుచుకుని పడుకున్నాం. పెరట్లో కొళాయి దగ్గర బోకుల చప్పుడు. పెద్దది తన బైబిలు తెచ్చి నిర్గమకాండం 20 తీసి నా మొహం ముందు పెట్టింది. నేనే కంఠతా పట్టించిన వాక్యం. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి, ఎవరూ ఆ రోజు పని చేయకూడదు. ద్వితీయోపదేశకాండంలో అయితే ఐగుప్తులో మీరూ దాసులే గదా అని కారణం కూడా చెప్పి ఉంటుంది. డల్లాస్‌లో ఇది చదివినప్పుడల్లా పరదేశి అన్న చోట నాకు కళ్ళు తడిసేవి, మన గురించే అని. దాసి అన్న మాట దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు.

"జీతం ఇస్తున్నాం గదా" అన్నాను.

"జీతం ఇస్తే పర్లేదని ఎక్కడుంది?"

నాయన రిటైరైన హిస్టరీ మాస్టారు, ఇట్లాంటి చోట ఊరుకోడు. చాప మీది నుంచే అందుకున్నాడు. 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆదివారం పని మానమని ఉత్తర్వు ఇచ్చి, పొలం పనివాళ్ళకు మాత్రం మినహాయింపు పెట్టాడట. బొంబాయి మిల్లుల్లో కూలీలకు ఆదివారం సెలవు 1890లో గానీ రాలేదట, అదీ కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి కొట్లాడితే. "మినహాయింపు అనేది ఎప్పుడూ కష్టం చేసేవాడికే" అని తేల్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదిహేనేళ్ళుగా ఆదివారం ఆ కొళాయి చప్పుడు వింటూనే నిద్రపోతున్న మనిషి.

నాకు ఆవేశం ఎక్కువ. లేచి పోయి, "వచ్చే ఆదివారం నుంచి రావద్దు" అన్నాను. ఆమె చేతిలో పీచు ఆగిపోయింది.

"నేనేం తప్పు జేసినా మా?"

"తప్పేం లేదు. ఆదివారం రెస్ట్ తీసుకో."

"జీతంలో పట్టుకుంటారా?"

"పట్టుకోం."

అప్పటికీ అనుమానం తీరలేదు. చేతిలో గిన్నె బోర్లించి, "మరి ఆదివారం బోకులు సోమారం ఎవురు తోమేది? నేనే గదా. చియ్యల బోకులు రేత్రంతా ఎండిపోతే గీకేది ఎంత కష్టమో మీకేం తెల్సు" అంది.

పిల్లలకు దైవభక్తి నేర్పడం గురించి నాలుగు మంచి మాటలు చెబుదామనే ఇది మొదలుపెట్టాను. ఫోన్లో సలహాలు కూడా రాసి పెట్టుకున్నాను. పనులన్నీ శనివారమే ముగించుకోండి. ఫోన్లు బీరువాలో పెట్టండి. మాట జారే ముందు ఒక్క క్షణం ఆగండి. చదివితే బాగానే ఉన్నాయి. కానీ మన పనులు శనివారం ముగించేది ఎవరు? బీరువాలోకి పోయినవి పిల్లలవే, నా ఫోను జాకెట్టులో ఉంది. విశ్రాంతి దినం మనుషుల కోసమే గానీ మనుషులు విశ్రాంతి దినం కోసం కాదని యేసు అన్నాడు. ఆ వచనం పెద్దదానికి ఇంకా నేర్పలేదు. ఏ మనుషుల కోసం అని అడుగుతుందేమోనని భయం.

మూడో ఆదివారం ఆమె రాలేదు. నేనూ పెద్దదీ కొళాయి దగ్గర చతికిలబడ్డాం. ఆ రోజు బిర్యానీ అడుగంటింది, నా చేతి వంటే. పీచుతో ఎంత రుద్దినా అండా అడుగున ఆ నల్లటి చెక్కు కదలదు, జిడ్డు మాత్రం గోళ్ళ సందుల్లోకి ఎక్కింది. అరగంటకే నా నడుము పట్టేసింది.

"అమ్మా, ఇది పనే గదా. ఆదివారం చేయొచ్చా?"

"నోరు మూసుకుని తోము" అన్నాను.

సోమవారం ఆమె వచ్చింది. మేము బోర్లించిన బోకులు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. ఏమీ అనకుండా నాలుగు తీసి మళ్ళీ కొళాయి కింద పెట్టింది. పెద్దది పరిగెత్తుకుపోయి, "మీరు కూర్చోండి, నేను చేస్తా" అంది. ఆమె పగలబడి నవ్వింది. "పాప నన్ను మీరంటా ఉంది సూడండమ్మా" అని మా అమ్మకు చెప్పుకుంది. అమ్మ నవ్వలేదు, నావైపు చూసింది.

కాఫీ కలిపి తీసుకుపోయాను. తాగు అనాలా, తాగండి అనాలా? తాగండి అంటే ఆమె మళ్ళీ తప్పేం చేశానోనని కంగారు పడుతుందని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను.

"కాఫీ ఉంది" అని లోటా గట్టు మీద పెట్టి వచ్చేశాను.