అక్క పక్కన, నీళ్ల చార్టుతో

ఈరోజంతా కొలవడంతోనే సరిపోయింది. అక్క తాగిన ప్రతి గ్లాసూ, పోసిన యూరిన్ అంతా కొలిచి చార్టులో రాయడం నా పని. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ అనే హార్మోన్ల గ్రంథికి ఆపరేషన్ చేశాక ఒక్కోసారి ఒంట్లో నీళ్లు నిలవవు. లీటర్లకు లీటర్లు బయటికి పోతాయి, ఎంత తాగినా దాహం తీరదు. ఇంకొందరికి వారం నాటికి దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది: నీళ్లు లోపలే ఉండిపోయి సోడియం పడిపోతుంది. అందుకే ఇంటికి పంపాక కూడా రక్తపరీక్షకు రమ్మంటారు.

చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లు ముందు అక్క తల మీదకే పోతున్నాయి. కట్టు లేదు, జుట్టు తీయలేదు. "ఓ, చిన్న ఆపరేషనేనా!" అంటున్నారు. ఆ మాట వింటే నాకు బాధగా ఉంది. ముక్కులోంచి ఎండోస్కోప్ పంపి, ముక్కు వెనకాల ఎముకలో ఉండే స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గది దాటి, పుర్రె అడుగున ఎముక తొలిచి గడ్డ తీశారు. అటూ ఇటూ మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు, పైన కంటి నరాలు. గ్రంథేమో బఠాణీ గింజంత, దాన్నీ కాపాడాలి. 1907లో ష్లోఫర్ అనే సర్జన్ మొదటిసారి ఈ దారిన వెళ్లినప్పుడు ముక్కును బయటినుంచి కోసి పక్కకు తిప్పాల్సి వచ్చిందట. ఇప్పుడు గాటు కనపడనంత మాత్రాన లోపల పని తేలికైపోలేదు.

ముక్కు చీదకూడదు, వంగకూడదు, ముక్కకూడదు. ముక్కులోంచి పల్చగా నీళ్లలా కారినా, గొంతులో ఉప్పగా తగిలినా వెంటనే చెప్పాలి, మెదడు చుట్టూ ఉండే ద్రవం లీకవుతూ ఉండొచ్చు. సాయంత్రం అక్కకు తుమ్ము వచ్చింది. చెప్పినట్టే నోరు బాగా తెరిచి తుమ్మింది. ఆ తర్వాత చాలాసేపు బావా నేనూ టెన్షన్‌తో ముక్కు వంకే చూస్తూ కూర్చున్నాం. ఏమీ కారలేదు.

నా కోపమల్లా ముందు జరిగినదాని మీదే. నడుస్తుంటే భుజం తలుపులకు తగులుతోందని అక్క చెబుతూనే ఉంది. కళ్లద్దాలు మార్చారే తప్ప పక్కచూపు పరీక్షించలేదు. బోర్డు మీది అక్షరాలు బాగానే చదివేది మరి! గడ్డ కింది నుంచి కంటి నరాలు కలిసే చోటును నొక్కితే రెండు కళ్లకూ బయటివైపు చూపు తగ్గుతుంది, ఎదురుగా ఉన్నది మాత్రం స్పష్టంగానే కనిపించొచ్చు. విజువల్ ఫీల్డ్ పరీక్ష చేసి ఉంటే అప్పుడే తెలిసేది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేసే గడ్డ అయితే చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. అక్కది ఆ రకం కాదు.

రేపు పొద్దున్నే, పిట్యూటరీ సరిగా పనిచేయకపోతే తగ్గిపోయే కార్టిసాల్ హార్మోన్ పరీక్షకు రక్తం తీస్తారు. అది తక్కువుంటే మాత్రలు మొదలుపెడతారు. చార్టు రాత్రికి బావ చూసుకుంటానన్నాడు.