అక్రిలిక్ ఇంకుతో నక్షత్ర తాబేలు: నా అనుభవం

నీటి రంగులతో నాకున్న తగువు ఒక్కటే. వేసిన రంగు ఆరిన తరువాత దాని మీద ఇంకో రంగు పూయబోతే అడుగున ఉన్నది లేచి వచ్చి పైదానితో కలిసిపోతుంది. పసుపు మీద గోధుమ రంగు పెడితే రెండూ చెడి బురద మిగులుతుంది. చేయి తిరిగినవాళ్లు కుంచెను ఒక్కసారి తాకించి ఎత్తేస్తారు. నాది చీరల మీద ఫాబ్రిక్ పెయింటింగ్ వేసిన చేయి. అక్కడ ఒకే చోట నాలుగుసార్లు కుంచె ఆడించినా అడుగు కదలదు. ఆ అలవాటుతో కాగితం దగ్గరికి వస్తే ప్రతి బొమ్మా సగంలోనే పాడయ్యేది.

విశాఖపట్నంలో చదువుకుంటున్న మా అక్క కూతురికి ఫోనులో ఈ గోడు చెప్పుకుంటే, "పిన్నీ, నువ్వు అక్రిలిక్ ఇంకు వాడి చూడు. నీళ్లలాగే పారుతుంది, ఆరిందంటే మాత్రం మళ్లీ లేవదు" అంది.

"ఇంకుతో బొమ్మలేమిటే తల్లీ? అది పెన్నులో పోసుకునేది కదా" అన్నాను.

"పొరపాటున కూడా పెన్నులో పోయకు. నాన్న అడిగినా ఇవ్వకు" అని నవ్వింది. మా బావగారికి ఫౌంటెన్ పెన్నుల పిచ్చి.

ఎందుకు పోయకూడదో తెలుసుకున్నాక ఆ ఇంకు గుణం మొత్తం అర్థమైంది. ఫౌంటెన్ పెన్ను ఇంకుల్లో చాలావాటిలో ఉండేది నీళ్లలో పూర్తిగా కరిగిపోయే రంగు. ఎండ తగిలే గోడకు తగిలిస్తే కొన్నాళ్లకు వెలిసిపోతుంది. అక్రిలిక్ ఇంకులో ఉండేది కరగని రంగు పొడి, అంటే పిగ్మెంటు. దాన్ని చాలా మెత్తగా నూరి, నీళ్లలో కలిసే అక్రిలిక్ జిగురులో కలుపుతారు. నీరు ఆవిరైపోతున్న కొద్దీ జిగురు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సన్నటి పొరగా మారతాయి. ఆ పొర ఇక నీళ్లలో కరగదు. పెన్ను లోపల అదే జరిగితే పెన్ను పోయినట్టే. నీటి రంగుల్లో ఉండేది తుమ్మ జాతి జిగురు, అది తడి తగలగానే మళ్లీ కరుగుతుంది. ఇన్నేళ్లుగా నేను వాడుతున్న ఫెవిక్రిల్ ఫాబ్రిక్ రంగులు కూడా అక్రిలిక్ జాతివే. వాటికి చిక్కదనం ఎక్కువ, దీనికి అసలు లేదు.

ఊళ్లో పుస్తకాల దుకాణాల్లో పోస్టరు రంగులు, ట్యూబుల్లో వచ్చే అక్రిలిక్‌లు దొరికాయి. ఇంకు అని అడిగితే స్టాంపు ప్యాడు ఇంకు తీసి చూపించారు. చివరికి మా అక్క కూతురే విశాఖలో కొని, పండక్కి వచ్చినప్పుడు తెచ్చింది. డ్రాపరు మూత ఉన్న చిన్న సీసాలు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లు. అంత చిన్న సీసాకు అంత ధరా అని మొదట గుండె గుభేలుమంది. వాడకంలోకి దిగాక ఆ బెంగ తగ్గింది. ఒక్క చుక్కకు నీళ్లు కలిపితే అరచేయంత జాగా పూయవచ్చు.

ఎన్ని రంగులు కొనాలన్న దగ్గర మాత్రం నేను గట్టిగా ఉన్నాను. పన్నెండు సీసాల పెట్టె వద్దన్నాను. పసుపు, మెజెంటా అనే ముదురు గులాబీ, థాలో బ్లూ అనే ముదురు నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ, తెలుపు చాలు. నలుపు కూడా అక్కర్లేదు. థాలో బ్లూలో బర్న్ట్ అంబర్ కలిపితే సీసాలో వచ్చే నలుపు కంటే లోతైన చీకటి రంగు వస్తుంది. నీలం పాలు ఎక్కువైతే చల్లగా, గోధుమ పాలు ఎక్కువైతే వెచ్చగా మారుతుంది. థాలో బ్లూతో జాగ్రత్తగా ఉండాలి. సగం చుక్క ఎక్కువైనా మిగతా రంగులన్నింటినీ మింగేస్తుంది.

సీసా మీది అక్షరాలు చదవడం నేర్చుకుంటే కొనేటప్పుడు మోసపోము. రంగు పేరు కంపెనీ ఇష్టం, పిగ్మెంటు సంకేతం అలా కాదు. పీబీ 15 అంటే ఎవరు తయారు చేసినా థాలో బ్లూనే, పీఆర్ 122 అంటే క్వినాక్రిడోన్ మెజెంటా, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు. పక్కన చిన్న చదరం గుర్తు ఉంటుంది. అది ఖాళీగా ఉంటే రంగు పారదర్శకం, నిండుగా ఉంటే అడుగును కప్పేసేది, సగం నిండితే ఆ రెండింటికీ మధ్య. వెలుతురుకు ఎంత నిలుస్తుందన్నది కూడా రాసి ఉంటుంది. కళ్లు జిగేలుమనే ఫ్లోరసెంటు రంగులు త్వరగా వెలిసిపోతాయి, నేను వాటి జోలికి పోలేదు.

ముందుగా ఏ బొమ్మా వేయలేదు. 300 జీఎస్ఎం మందపాటి కాగితాన్ని ముక్కలుగా కోసి, పిల్లలు పరీక్షలకు పట్టుకెళ్లే అట్టకు నాలుగు వైపులా కాగితపు టేపుతో బిగించి, గళ్లు గీసుకున్నాను. పలుచటి డ్రాయింగు కాగితం దీనికి పనికిరాదు, తడికి వంకర్లు తిరిగి రంగంతా గుంటల్లోకి చేరుతుంది. ఒక గడిలో రంగు నేరుగా సీసాలోంచి, పక్క గడిలో కొద్దిగా నీళ్లు కలిపి, ఆ పక్కన ఇంకా పలుచన చేసి వేశాను. అవి ఆరాక వాటి మీదుగా అడ్డంగా ఇంకో రంగు గీత లాగాను. పసుపు మీద మెజెంటా నడిచిన చోట నారింజ రంగు పుట్టింది. అంచు చెదరలేదు, పసుపు ఇసుమంత కూడా కదలలేదు. తడి గుడ్డ పెట్టి తుడిచి చూశాను, గుడ్డకు ఏమీ అంటలేదు. ఇన్నాళ్ల తగువు అక్కడ తీరింది.

అయితే ఆ గళ్ల పని శ్రావణ మాసంలో మళ్లీ చేస్తే ఫలితం వేరుగా వచ్చింది. సముద్రం దగ్గర ఊరు, వానాకాలం గాలి నిండా తేమే. పైకి ఆరినట్టు కనిపించే పూత లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొందరపడి రెండో పూత వేస్తే అడుగు పొర చిన్న చిన్న మచ్చలుగా లేచి తెల్ల కాగితం బయటపడుతుంది. అందుకని వేలి వెనుక భాగాన్ని కాగితానికి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ఎండాకాలంలో పేచీ దీనికి తలకిందులు. ఫ్యాను కింద కూర్చుంటే రంగు కుంచె మీదే ఆరిపోతుంది. పళ్లెంలో చుక్కలు ముందుగా వేసి పెట్టుకుంటే పాల మీద మీగడ కట్టినట్టు పొర కడతాయి, ఆ పొర ముక్కలు కుంచెకు చుట్టుకుంటాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ, చుక్క చుక్కగా తీసుకుని వేయాలి. ఇంట్లోవాళ్లు నాతో పాటు ఆ గదిలో కూర్చోరు, అదొక లాభం.

సీసా కుదిపే పని చిన్నదే గానీ దాన్ని మరిచిపోకూడదు. పిగ్మెంటు బరువుకు అడుగుకు దిగిపోతుంది. తెలుపు మరీ త్వరగా పేరుకుంటుంది. కుదపకుండా డ్రాపరుతో తీస్తే పైన తేలిన పలుచటి పాల నీళ్లు వస్తాయి. సీసాను తలకిందులు చేసి, అడుగున మచ్చ కనిపించనంత వరకూ ఊపాలి. కుంచెల విషయంలో మంచి వెంట్రుకలవి దీనికి బలి పెట్టనక్కర్లేదు. సింథటిక్ గుండ్రటి కుంచెలు చాలు, పక్కన ఎప్పుడూ నీళ్ల గ్లాసు ఉండాలి. కుంచె మొదట్లో ఇంకు గడ్డకట్టిందంటే మొన మళ్లీ కుదురుగా రాదు.

ఇక తాబేలు. మాకు దగ్గరలోని శ్రీకూర్మంలో విష్ణువు కూర్మావతారంలో కొలువై ఉన్నాడు. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వాటి ముందు పుస్తకం పెట్టుకుని కూర్చుంటే అంతకంటే ఓపికగల మోడలు దొరకదనిపిస్తుంది, ఆకుకూర పడేంతవరకూ. ఆకు పడిందంటే ఆ మందగమనం అంతా కథే. ఇంట్లో పెంచుకుందామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవడం మంచిది, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాగితం మీద పెంచుకోవడానికి అడ్డు లేదు.

దగ్గరగా చూస్తే ఆ డిప్ప ఒక లెక్క ప్రకారం కట్టినట్టు ఉంటుంది. నడి వెన్ను మీద ఐదు పలకలు, వాటికి అటూ ఇటూ నాలుగేసి, మొత్తం 13. అంచు చుట్టూ చిన్న పలకలు వేరు. ప్రతి పెద్ద పలక నడిమిన ఎత్తుగా ఒక పసుపు బొడిపె ఉంటుంది. అక్కడి నుంచి పసుపు చారలు అన్ని వైపులకూ విచ్చుకుంటాయి. చారల మధ్య నలుపుకు దగ్గరైన గోధుమ రంగు. చారలు నడిమిన సన్నం, అంచుకు పోయేకొద్దీ వెడల్పు. పక్క పలకల చారలు అంచుల దగ్గర కలుసుకుని కొత్త ఆకారాలు కడతాయి.

చీర మీద అయితే ముందు నల్ల రంగు పూసి, మీద పసుపుతో చారలు లాగేదాన్ని. పారదర్శకమైన ఇంకుతో అది కుదరదు, నలుపు మీద ఈ పసుపు కనిపించనే కనిపించదు. లేత రంగు నుంచి ముదురుకు పోవాలి. డిప్ప అంతటికీ పలుచగా పసుపు పూశాను. ఆరాక, వెలుగు పడని వైపు చారలకు మెజెంటా కలిపిన పసుపు ఒక పూత. అది కూడా ఆరాక, చారలను వదిలేసి వాటి మధ్య త్రికోణాల్లో మాత్రం నీలం, అంబర్ కలిపిన చీకటి రంగు. దీన్ని ఒకేసారి చిక్కగా పోస్తే మెరుస్తూ జీవం లేకుండా ఆరుతుంది. నీళ్లు కలిపి మూడు పూతలుగా వేస్తే అడుగున ఉన్న పసుపు లోపలి నుంచి కాస్త తొంగి చూస్తుంది, డిప్పకు కొమ్ము నిగారింపు అక్కడి నుంచే వస్తుంది. కళ్లెదుట పూత మీద పూత పడుతుంటే ఆ గుండ్రదనం తేలి రావడం నీటి రంగుల్లో నేనెప్పుడూ చూడలేదు.

చీకటి కింద మునిగిపోయిన చార ఏదైనా ఉంటే దానికీ ఉపాయం ఉంది. పాత కలం పాళీని తెలుపులో ముంచి ఆ చార మేర సన్నగా గీసి, ఆరాక దాని మీద పసుపు పూయాలి. తెలుపు అడుగును కప్పేస్తుంది, పసుపు దాని మీద వెలుగుతుంది. పాళీని గీత గీతకూ తుడుచుకోవాలి. ఫోను ఎత్తి రెండు మాటలు మాట్లాడి వచ్చేలోగా మొనలో ఇంకు ఆరి కూర్చుంటుంది.

కింది నేలకు మాత్రం లెక్కలు పక్కన పెట్టాను. కాగితాన్ని ఆ మేర తడిపి, అంబర్ చుక్కలు డ్రాపరుతో వదిలాను. తడిలో పడిన చుక్క ఒక్కసారిగా విచ్చుకుని, నీటి రంగుకంటే దూరం పాకింది. అది ఎటు పాకుతుందో మన చేతిలో ఉండదు. పాకడం ఆగేలోగా అద్దుడు కాగితంతో తీయగలిగితే తీయాలి, ఆ తరువాత దాని మాటే నెగ్గుతుంది. ఇదే ఈ ఇంకులో నాకు నచ్చని గుణం. నీటి రంగుల్లో తడి కుంచెతో మళ్లీ వెలుగు తీసుకోవచ్చు. ఇక్కడ వెలుగు ఎక్కడ ఉండాలో ముందే అనుకుని కాగితాన్ని వదిలేయాలి. ఆకాశం, పొగమంచు, మెత్తటి బుగ్గలు వేసేవాళ్లకు దీన్ని నేను సిఫారసు చేయను. అంచులు తేలాల్సిన బొమ్మలకు, నగిషీలకు, ఆలయ స్తంభాల మీది చెక్కడాలకు మాత్రం దీనికి సాటి నాకు కనిపించలేదు.

చేయి ఊరుకోక బట్ట మీద కూడా వేసి చూశాను. పొందూరు ఖద్దరు ముక్క ఒకటి బీరువాలో ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే సన్న నూలు అది. చుక్క పడగానే ఇంకు నిలువు పోగు, పేక పోగు వెంట నాలుగు దిక్కులా పాకి చిన్న కూడిక గుర్తులా ఆగింది. పువ్వు వేద్దామంటే అంచు నిలవలేదు. ఫాబ్రిక్ రంగు చిక్కదనం ఎందుకో అప్పుడు బాగా తెలిసింది. కానీ ఆరాక వెనుక నుంచి ఇస్త్రీ చేసి తడిమితే బట్ట బిరుసెక్కలేదు. చీర పమిట మీద పెద్ద పువ్వులకు అడుగు పూత దీనితో వేసి, అంచులు ఫాబ్రిక్ రంగుతో కడితే ఎలా ఉంటుందో చూడాలి. ఒక చీర ఆర్డరు ఉంది గానీ, పరాయివాళ్ల చీర మీద ప్రయోగం ఎందుకని నా పాత చీర తీశాను.

తాబేలు బొమ్మను చూసి మా అక్క కూతురు, "పిన్నీ, ఇక తేలినీలాపురం కొంగలు వేయి" అంటోంది. శీతకాలంలో టెక్కలి దగ్గరి ఆ ఊరి చెట్ల మీదికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. కొంగ తోక దగ్గరి ఈకల గులాబీ రంగుకు మెజెంటా బాగా పలుచన చేస్తే సరిపోతుంది, గళ్ల కాగితం మీద చూసుకున్నాను. ఒంటి తెలుపును కాగితంలోనే వదలాలా, సీసాలోంచి తేవాలా అన్న దగ్గర ఇంకా మేమిద్దరం ఒక మాట మీదికి రాలేదు. తను సీసా అంటుంది. నేను కాగితం అంటున్నాను.