మట్ లాగ్ ఎక్కడ?

మట్ అనే టెర్మినల్ ఈమెయిల్ ప్రోగ్రామ్‌ని, ఏం జరుగుతోందో లాగ్ ఫైల్లో రాయమని ‘మట్ -డి 2’ అని నడిపినా హోమ్ డైరెక్టరీలో లాగ్ జాడే లేదు. మెయిల్ సర్వర్‌తో ఐమ్యాప్ కనెక్షన్ ఊరికే తెగిపోతోంది, ఎందుకో చెప్పాల్సింది ఆ లాగే.

మట్‌లో ఏయే సదుపాయాలు ఉన్నాయో చూపే ‘మట్ -వి’ కొట్టి చూశా. బారెడు జాబితాలో డీబగ్ (ఈ లాగ్ రాసే సదుపాయం) పక్కన ప్లస్ ఉండాల్సిన చోట మైనస్! కంపైల్ చేసినప్పుడే తీసేశారన్నమాట. ఇక ‘-డి’ పక్కన ఏ లెవెల్ అంకె ఇచ్చినా ఒకటే. ప్యాకేజీలు కట్టేవాళ్లు దయచేసి దీన్ని ఉంచండి, ఇబ్బంది వచ్చిన రోజే కదా దాంతో పని.

డీబగ్ పెట్టి మళ్లీ బిల్డ్ చేశాక ‘.మట్‌డీబగ్0’ వచ్చింది. ముందు చుక్క ఉంది కాబట్టి దాచిన ఫైల్ కింద లెక్క, ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్’కి ‘-ఎ’ తగిలిస్తేనే కనపడుతుంది. మట్‌ని మళ్లీ డీబగ్‌తో తెరిస్తే పాతది 1 అవుతుంది, తాజాది ఎప్పుడూ 0.

ఎవరికైనా పంపేముందు మాత్రం ఒకసారి చదవండి, సొంత వివరాలు అందులో ఉండొచ్చు.